డెల్టా పల్లెలు – పట్టణవాసుల ధర్మము

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని బుడమేటి గట్లకు గండ్లుపడి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు నీటిపాలైనవి. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజి మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల కృష్ణాజలము సముద్రమునకు పరుగిడినది. 1957లో ఆ బ్యారేజి తెరచిననాటినుండి అంతటి ప్రవాహమును ఎవరును చూచియుండలేదు. 2009 అక్టోబరు నాటి మహావరదను సైతము అది మించినది. జనులు మేడలపై నిలిచి అన్నపు పొట్లములకై ఎదురుచూచిరి. పిమ్మట నీరు తీసినది, గండ్లు పూడినవి, బురద కడుగబడినది, పత్రికలు వేరు సంగతులకు మరలినవి. పాఠము మాత్రము మిగిలియున్నది.

ఆ పాఠమేమి? బుడమేరు విజయవాడది కాదు. అది మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, పల్లెల నడుమ నడచి, కొల్లేటిలో పడి, అక్కడనుండి ఉప్పుటేటి త్రోవను సముద్రము చేరవలసిన నీరు. వెలగలేరువద్ద దానిని మళ్లించి కృష్ణలో కలుపు ఏర్పాటున్నది గాని, కృష్ణయే నిండి పొరలుచున్నవేళ ఆ కాలువ తన నీటిని ఎచట దింపును? ఎగువ పల్లెలో చెరువు పూడినను, దిగువ పల్లెలో మురుగుకాలువ మూసికొనిపోయినను, కొల్లేటి దారి ఇరుకైనను, మునుగునది నడుమనున్న పట్టణము. ఒకే నీటిమీద నివసించు పల్లెకును పట్టణమునకును వేరువేరు క్షేమములు లేవు. ఈ సత్యమును గ్రహించియే పట్టణవాసులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

వాతావరణ మార్పు అనునది పండితుల సభలలోని మాటగా ఉన్న దినములు గడచినవి. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమునందే వేయిమందికి పైగా ప్రాణములు విడిచిరి. 2023 డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినపుడు, కోతకు వచ్చిన సార్వా వరి చేలలోనే నేలకొరగినది. కోసిన ఓదెలు నీట నానినవి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినది. వర్షము రావలసిన నెలలో రాక, వచ్చినపుడు నెల వర్షము రెండు దినములలో కురియుచున్నది. సముద్రమట్టము పెరుగుచున్నది. డెల్టాను కట్టిన ఒండ్రుమట్టి ఎగువ జలాశయములలో నిలిచిపోవుచున్నందున నేల తన్ను తాను నింపుకొనలేకున్నది. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను ప్రాంతముల శివారు భూములలో చౌడు తేలుటయు, బావినీరు ఉప్పనగుటయు ఆ పల్లెలవారికి నిత్యానుభవములు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైననాటినుండి అన్నపూర్ణయని పేరుపొందిన నేల ఇది. నేడు సుమారు 13 లక్షల ఎకరములు ఈ కాలువలపై ఆధారపడియున్నవి. ఈ నేల ఎట్లున్న మనకేమియని ఊరకుండదగిన ఇల్లు విజయవాడలో ఒకటియు లేదు.

పల్లెలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇది మొట్టమొదట చెప్పవలసిన మాట. ప్రభుత్వపక్షమున రైతుసాధికార సంస్థ 2016లో ఆరంభించిన ప్రకృతి వ్యవసాయమును స్త్రీల పొదుపు సంఘములు తమ భుజములపై వేసికొని నడపుచున్నవి. తొలకరికి ముందే పొడిదుక్కిలో నవధాన్యములు చల్లి నేలను బోసిగా నుండనీయకుండుట, ఆవుపేడతోను మూత్రముతోను జీవామృతము చేసి భూమిలోని సూక్ష్మజీవులకు బలమిచ్చుట, ఒకే పైరును నమ్మక పలు పైరులు కలిపి వేయుట ఇందలి ముఖ్యమైన పనులు. సాటి రైతునకు రైతే గురువగుట దీని రహస్యము. 2024 జులైలో పోర్చుగల్ రాజధానియగు లిస్బనులో ఈ కృషికి గుల్బెంకియన్ బహుమానము లభించినది. ఈజిప్టు దేశపు సెకెం సంస్థయు, నేలల శాస్త్రమున ప్రసిద్ధుడగు రతన్ లాల్ పండితుడును ఆ బహుమానమును పంచుకొనిరి. తీరమువైపు చూతము. మడ అడవులు నశించినచోట్ల, సముద్రపు పోటునీరు లోపలికి వచ్చిపోవునట్లు చిన్న కాలువలు త్రవ్వి మొక్కలు నాటు పని, స్వామినాథన్ పరిశోధన సంస్థ తోడ్పాటుతో, కృష్ణా గోదావరీ ముఖద్వారములలో తీరగ్రామస్థులే చేసిరి. రాయలసీమలోను తెలంగాణమునను కరవు జిల్లాల రైతులు 2000 తరువాతి సంవత్సరములలో తమ బావులనీటిని తామే కొలిచి, ఉన్న నీటికి తగిన పైరులు లెక్కవేసికొనిరి. చదువు లేదని మనము తలచినవారు జలగణితము నేర్చిరి!

అట్లయిన లోపమెక్కడ? దారములున్నవి, వల లేదు. ఒక ఊర నవధాన్యములు చల్లిన స్త్రీలకు, పది క్రోసుల దూరమున ఉప్పునీటితో పోరాడుచున్న రైతుల అనుభవము తెలియదు. ఒక గ్రామము తన మేరకు మురుగుకాలువలోని గుర్రపుడెక్క తీసివేయును. దిగువ గ్రామము తీయదు. వర్షము వచ్చినపుడు ఇరువురి శ్రమయు నీటగలియును. వరి మడిలో నీరు ఎల్లవేళల నిలిచియుండిన మీథేన్ వాయువు పుట్టి భూమి వేడిని పెంచునని శాస్త్రము చెప్పుచున్నది. నడుమ నడుమ మడిని ఆరనిచ్చి మరల తడిపిన ఆ వాయువు తగ్గును, నీరు మిగులును. కాని మన డెల్టాలో నీరు మడినుండి మడికి పారునే! ఎగువ రైతు ఒప్పుకొననిదే దిగువ రైతు తన మడిని ఆరబెట్టలేడు. పథకములకు గడువులుండును, అధికారులకు బదిలీలుండును. గడువు తీరిన వెనుక ఆ దీపములో నూనె పోయువారు లేకపోవుటయే మన కార్యములకు పట్టిన పెద్ద వ్యాధి.

వల యొక్క బలమేమో డెల్టావాసులకు వేరొకరు చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు ఉప్పెనలో సుమారు 30 వేలమంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రము కప్పినపుడు ప్రభుత్వపు లెక్కల ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించిరి. 1990 మే 9న దానికి దీటైన తుపాను అదే కృష్ణాతీరమును తాకినది. ఆస్తినష్టము అపారము, ప్రాణనష్టము మాత్రము సుమారు వేయి. ఆ వేయియును విచారింపదగినదే. అయినను పదివేలకును వేయికిని నడుమ భేదమెట్లు కలిగెను? సముద్రము మనపై దయదలచెనా? ముందుగా హెచ్చరిక అందినది. ఆరు లక్షలకు పైగా జనమును లోపలి భూములకు తరలించిరి. ఎవరిని ఏ దారిని ఎచటికి చేర్చవలెనో తెలిసిన మనుష్యులు ఊరూర ఉండిరి. గాలి మారలేదు, మనుష్యుల నడుమ కట్టు మారినది. ఒక్క రాత్రి తుపానుకు పనికివచ్చిన ఆ కట్టు, ఏండ్ల తరబడి మెల్లమెల్లగా వచ్చు ఉప్పునకును, వేడిమికిని, కాలముగాని వర్షమునకును పనికిరాదా?

ఇట్టి వల అల్లుట బెజవాడకు క్రొత్త విద్య కాదు. 1914 ఏప్రిలు 10న ఈ పట్టణమునందే గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూర తిరిగిరి. ఆనాటికి పల్లెలలో పుస్తకశాలలు లేకపోలేదు. కాని ఒకదాని మాట మరియొకదానికి తెలియదు. సంఘము వానిని కలిపినది, పత్రికతో పలుకరించినది, సభలతో ఉత్సాహపరచినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపులివర్రు ప్రాంతమున కాలువపడవపై గ్రంథములను పల్లెలకు పంపిరి. ఆ సంఘము పల్లెలపై అధికారము చేయలేదు. పల్లెల నడుమ దారియైనది. నేడు ఏ పఠనమందిరమున కూర్చుండి ఈ మాటలు చదువుచున్నారో, అది ఆ దారిమీద వెలసిన మజిలీయే యని చదువరులు తలచుకొందురుగాక!

ఇపుడు కావలసినదియు అట్టి దారియే. దానికి నాలుగు పనులు చాలును.

మొదటిది లెక్క. ప్రతి గ్రామ గ్రంథాలయమునను, లేదా పంచాయతీ కార్యాలయమునను, ఒక వర్షమాపకమును ఒక చిట్టాపుస్తకమును ఉండవలెను. వర్షమెంత, కాలువలో నీరు ఎన్ని దినములు వచ్చినది, బావినీటి ఉప్పు పెరిగెనా తగ్గెనా, నారు పోసినది ఎపుడు, కోసినది ఎపుడు, ఏ విత్తనము నిలిచినది, ఏది పడిపోయినది — ఇవి వ్రాసి నెలకొకమారు విజయవాడకు పంపవలెను. ఇక్కడ కళాశాలల అధ్యాపకులును విశ్రాంత ఇంజనీరులును వానిని కూర్చి, తెలుగున సుబోధముగా వ్రాసి, మరల ఊరూరికి పంపవలెను. పంపిన లెక్కకు జవాబు రానిచో రెండవ సంవత్సరమున ఎవరును లెక్క వ్రాయరు.

రెండవది విత్తనము, విపణి. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనాస్థానమున పుట్టిన స్వర్ణ వరికి ఒరిస్సా పల్లెల ప్రాచీన వరినుండి గ్రహించిన ముంపు తట్టుకొను గుణమును ఫిలిప్పీనులలోని శాస్త్రజ్ఞులు చేర్చిరి. 2009లో మన దేశమున విడుదలయైన ఆ వంగడము సుమారు రెండు వారములు నీట మునిగినను మరల చిగురించును. ఎవరో పేరుతెలియని రైతులు తరతరములుగా దాచిన గింజ ఖండాంతరము పోయి వచ్చి మన చేనిని కాపాడగలదనుటకు ఇంతకు మించిన దృష్టాంతము లేదు. ఏ ఊరి ముంపునకు, ఏ ఊరి చౌడునకు ఏ గింజ తగునో తెలిసికొని అందించుట వల చేయదగిన పని. పండిన పంటను కొనుట పట్టణము చేయదగిన పని. మందులు లేని పంట శ్రేష్ఠమని ఉపన్యసించి, బజారున మెరుగుపెట్టిన చౌకబియ్యమే కొనువాని ఉపన్యాసము రైతునకేల?

మూడవది నీటిదారి. 1997 చట్టముచే ఏర్పడిన సాగునీటి సంఘములు ఉన్నవి. 2024 డిసెంబరులో వానికి మరల ఎన్నికలును జరిగినవి. ఒక కాలువకు, ఒక మురుగుకాలువకు పొడుగునా ఉన్న సంఘములు సంవత్సరమునకు రెండుమారులైనను కలసి కూర్చుండవలెను. బుడమేరు పుట్టుచోటినుండి కొల్లేటివరకు ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాలు తగులుచున్నవి. జిల్లా హద్దు కాగితముపై గీత. నీరు దానిని చదువదు. హద్దులు దాటి కలసికొనగలవారు ప్రజలే.

నాలుగవది న్యాయము. ఇందు న్యాయవాదులకే ఎక్కువ పని. రాజ్యాంగము యొక్క 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగినవని చెప్పిన 29 విషయములలో వ్యవసాయము, చిన్ననీటి వనరులు, సామాజిక వనములు కలవు. గ్రామ చెరువులు, ఉమ్మడి భూములు ఆక్రమణల పాలు కారాదని సుప్రీముకోర్టు 2001లోను 2011లోను తీర్పులు చెప్పినది. బట్టమేక పక్షుల రక్షణకై వచ్చిన వ్యాజ్యములో 2024 మార్చిలో అదే న్యాయస్థానము, వాతావరణ మార్పు దుష్ఫలితములనుండి రక్షణ పొందుట పౌరుల హక్కేయని గుర్తించినది. కాని ఢిల్లీలో పలికిన హక్కు దివిసీమలోని గ్రామసభకు నడచి రాదు. దానిని మోసికొనిపోవు మనుష్యుడు కావలెను. తీర్మానమెట్లు వ్రాయవలెనో, ఏ అధికారికి పంపవలెనో, జవాబు రానపుడు ఏమి చేయవలెనో చెప్పుటకు నెలకొక ఆదివారము ఒక్కొక్క న్యాయవాది ఒక్కొక్క పల్లెకు పోయిన చాలును.

ఈ సందర్భమున చదువరులకు రుచింపని మాట ఒకటి చెప్పక తప్పదు. డెల్టాలో నాగలి పట్టువారిలో చాలమంది కౌలుదారులు. భూమి పత్రములు మాత్రము విజయవాడ, గుంటూరు, హైదరాబాదు ఇండ్లలోని బీరువాలలో ఉన్నవి. తుపాను వచ్చినపుడు పైరు పోగొట్టుకొనువాడు ఒకడు, పరిహారపు పట్టికలో పేరున్నవాడు మరియొకడు! 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల సాగు హక్కుపత్రము ఇచ్చుటకు దారి చూపినది గాని, దానికి భూయజమాని సమ్మతి కావలెనన్నది. సంతకము చేసిన భూమి చేజారునని యజమానులు జంకుచున్నారు. ఆ పత్రము సాగునకు సంబంధించినదేగాని యాజమాన్యమునకు సంబంధించినది కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. అట్లయినను జంకు పోలేదు. హక్కుపత్రము లేని రైతునకు బ్యాంకు అప్పు లేదు, భీమా లేదు, నష్టపరిహారము లేదు. మరుసటి సంవత్సరము ఆ భూమి తన చేతనుండునో లేదో తెలియనివాడు నేలను బాగుచేయుటకు మూడేండ్లు ఓపికపట్టునా? పచ్చిరొట్ట దున్నునా? గట్టుమీద చెట్టు నాటునా? కావున ప్రకృతి వ్యవసాయమునకు మొదటి ఎరువు జీవామృతము కాదు, యజమాని సంతకము. చట్టములు మారవచ్చును, మారువరకు వేచియుండ నక్కరలేనిది ఈ సంతకమొక్కటి.

కొందరు అడుగుదురు: ‘‘పొగ విడిచినవి ధనికదేశములు, దండుగ మన పల్లెటూరివాడు చెల్లించుటేల?’’ న్యాయమైన ప్రశ్నయే. ఆ దేశములు తమ ఋణము తీర్చవలెనని అంతర్జాతీయ సభలలో మన దేశము వాదించుచునే యుండవలెను. కాని వ్యాజ్యము తేలువరకు ఉప్పెన ఆగదు. మరియు ఆ న్యాయమునే మన ఇంటికి అన్వయించి చూడుడు. ఇబ్రహీంపట్టణమున దశాబ్దములుగా బొగ్గు కాలుచున్నది. ఆ విద్యుత్తుతో చల్లని గాలి పొందునది ఎక్కువగా పట్టణము. చేలగట్టున ఎండకు మాడునది వ్యవసాయ కూలి. లండను మనకెంత ఋణపడియున్నదో, ఆ కొలతలోనే బెజవాడ నాగాయలంకకు ఋణపడియున్నది. మరి కొందరు ‘‘ప్రభుత్వముండగా మనమేల?’’ యందురు. ప్రభుత్వము చేయవలసినది చేయవలెను, చేయనిచో అడుగవలెను. పదిమంది లెక్కలతో కలసి అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చును. ఒక్కడు అడిగిన ప్రశ్న దస్త్రములో నిద్రించును.

పట్టణము సహాయము చేయబోవునపుడు ఒక జాగ్రత్త కావలెను. సహాయము పెత్తనముగా మారరాదు. సంఘములో సగమునకు తక్కువ కాకుండ పల్లెలవారే ఉండవలెను. వారిలో పొదుపు సంఘముల స్త్రీలు, కౌలుదారులు, బెస్తలు, యానాదులు ఉండితీరవలెను. సొమ్ము లెక్కలు ఏటేట గ్రామసభలో బిగ్గరగా చదువవలెను. రాజకీయ పక్షముల జెండాలు గడప వెలుపలనే ఉండవలెను. ఏ పని చేయవలెనో పల్లె చెప్పవలెను; ఎట్లు తోడ్పడగలమో పట్టణము చెప్పవలెను. ఈ క్రమము తలక్రిందులైననాడు అది వల కాదు, మరియొక కార్యాలయమగును. కార్యాలయములకు మనకు కొదువ లేదు.

1921లో ఇదే బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడి, కోటి సభ్యులు, కోటి రూపాయలు, 20 లక్షల రాట్నములు అని లెక్కకట్టి దేశముముందు పని పెట్టినది. ఆశయమెంత గొప్పదైనను దానిని లెక్కగా మార్చిననే చేతులు కదలునని ఆనాటివారు ఎరుగుదురు. మనకంత పెద్ద లెక్కలు అక్కరలేదు. ఈ తొలకరికి ముందు విజయవాడలోని ప్రతి పఠనమందిరమును ఒక్క పల్లెను ఎన్నుకొని పలుకరించుగాక. ఆ పల్లెకు ఒక వర్షమాపకమును ఒక చిట్టాపుస్తకమును ఇచ్చుగాక. పొలమున్న ప్రతి చదువరియు తన కౌలుదారుని పత్రముపై సంతకము చేయుగాక. పిమ్మట ఏమి చేయవలెనో ఆ పల్లెలే చెప్పగలవు. వినుటకు మనకు చెవులున్నవా యనునదే ప్రశ్న.